రైతు సాయం – నియోజకవర్గాల లెక్క

ప్రభుత్వం రైతుకు ఇచ్చే డబ్బు విషయంలో మనం సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తాం. నాకు పడిందా? పక్కింటాయనకు పడిందా? మూడో ప్రశ్న ఒకటి ఉంది. ఈ డబ్బు మొత్తం మీద ఏ నియోజకవర్గానికి ఎంత చేరింది, అక్కడికే అంత ఎందుకు చేరింది అన్నది. ఈ ప్రశ్నను మన దేశంలో అడిగేవాళ్ళు తక్కువ. అమెరికాలో చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. అడగటమే కాదు, చట్టసభలో ఒక్కొక్క సభ్యుడి నియోజకవర్గానికి ఎన్ని డాలర్లు వెళ్ళాయో లెక్కగట్టి అందరూ చూసేలా పెడుతున్నారు. ఆ లెక్క చూస్తే మనకూ కొన్ని సంగతులు బోధపడతాయి. అందుకని ముందు అక్కడికి వెళ్ళి, తర్వాత మన తుంగభద్ర ఒడ్డుకు వద్దాం.

అమెరికాలో రైతుకు నేరుగా డబ్బు ఇవ్వటం 1933లో మొదలైంది. అప్పటికి ధరలు కుప్పకూలి ఉన్నాయి. రూజ్‌వెల్ట్ అధ్యక్షుడుగా వచ్చిన ఏడాదే వ్యవసాయ సర్దుబాటు చట్టం తెచ్చారు. పంట తక్కువ వేస్తే ధర పెరుగుతుంది గనుక, కొంత భూమి బీడు పెట్టిన రైతుకు పరిహారం ఇస్తామన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ చెక్కు భూమి యజమాని పేర వచ్చింది. దక్షిణాది పత్తి రాష్ట్రాల్లో ఆ భూమిని దున్నేవాళ్ళు కౌలుదార్లు, పాలికాపులు. బీడు పెట్టాల్సిన భూమిలో ఇక వాళ్ళతో పని లేదు కదా! ఎందరినో ఖాళీ చేయించారు. 1934లో ఆర్కన్సా రాష్ట్రంలో టైరోంజా అనే ఊరి దగ్గర నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసి కౌలు రైతుల సంఘం పెట్టుకున్నది ఈ అన్యాయం మీదనే. చెక్కు ఎవరి పేర రాయాలి అన్న చిన్న నిర్ణయం ఎన్ని కుటుంబాలను రోడ్డు మీదకు తెచ్చిందో గుర్తుంచుకోండి. ఈ మాట మళ్ళీ అవసరమవుతుంది.

ఆనాటి చట్టం కొన్ని సరుకులకే వర్తించింది. గోధుమ, పత్తి, మొక్కజొన్న, వరి, పొగాకు, పందులు, పాలు. తొంభై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి పెద్దగా మారలేదు. ఇవాళ కూడా ధర పడిపోతే ఆదుకునే పథకాలు గోధుమ, మొక్కజొన్న, సోయా, పత్తి, వరి, వేరుశెనగ, జొన్న వంటి కొన్ని పంటల చుట్టూనే తిరుగుతాయి. పండ్లు, కూరగాయలు, బాదం పండించే రైతుకు ఆ పథకాల్లో చోటు లేదు. పంట విలువ చూస్తే దేశంలో మొదటి స్థానం కాలిఫోర్నియాది. అక్కడి తోటల నియోజకవర్గాల కన్నా జనం పలుచగా ఉన్న మైదానాలకు ఎక్కువ డబ్బు వెళ్తుంది. ఏ నేల ఏ పంటకు అనువైనదో అది ప్రకృతి నిర్ణయం. ఏ పంటకు డబ్బు ఇవ్వాలో అది చట్టసభ నిర్ణయం. ఈ రెండూ కలిసినచోట నియోజకవర్గాల లెక్క పుడుతుంది.

ఇక ఒక్క నియోజకవర్గం సంగతి వివరంగా చెబుతాను. కాన్సస్ రాష్ట్రపు ఒకటో నియోజకవర్గం. దీన్ని అక్కడివాళ్ళు 'బిగ్ ఫస్ట్' అంటారు. రాష్ట్రంలోని 105 కౌంటీల్లో సగానికి మించి దీనిలోనే ఉన్నాయి. విస్తీర్ణంలో మన కర్ణాటకలో సగం కన్నా పెద్దది. అంత నేలకూ దిగువ సభలో ఒక్కడే సభ్యుడు. గోధుమ, మొక్కజొన్న, పశువులు అక్కడి జీవనాధారం. మరో పంట జొన్న. అవును, మన జొన్నే. అమెరికాలో జొన్న ఎక్కువగా పండించే రాష్ట్రం కాన్సస్. వాళ్ళు రొట్టె చేసుకోరు, పశువుల దాణాకు పోస్తారు, విదేశాలకు అమ్ముతారు. బళ్ళారి నల్లరేగడిలో జొన్నరొట్టె తిని పెరిగినవాళ్ళకు ఆ మాట వింటే కొంచెం మనసు చివుక్కుమంటుంది గానీ, ఎవరి తిండి వారిది.

రైతు సాయం ఎక్కువగా అందుకునే నియోజకవర్గాల జాబితా ఎప్పుడు తీసినా ఈ బిగ్ ఫస్ట్, నెబ్రాస్కా మూడో నియోజకవర్గం, అయోవా వాయవ్య భాగం, ఉత్తర దక్షిణ డకోటాలు ముందు వరుసలో ఉంటాయి. వీటికి చట్టసభలో ఉన్న పలుకుబడి కూడా ఆ స్థాయిదే. బిగ్ ఫస్ట్‌కు 1963లో సభ్యుడైనవాడు బాబ్ డోల్, తర్వాత 1996లో అధ్యక్ష పదవికి పోటీ చేసినాయన. 1981 నుంచి 1997 వరకు అదే స్థానంలో ఉన్న పాట్ రాబర్ట్స్ దిగువ సభ వ్యవసాయ సంఘానికి అధ్యక్షుడై 1996 వ్యవసాయ చట్టాన్ని నడిపించాడు. తర్వాత సెనేట్‌కు వెళ్ళి అక్కడి వ్యవసాయ సంఘానికీ అధ్యక్షుడయ్యాడు. సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సభ్యులు. దిగువ సభలో ఉత్తర డకోటాకు ఒక్క సభ్యుడుంటే కాలిఫోర్నియాకు 52 మంది ఉన్నారు. సెనేట్‌లో మాత్రం ఇద్దరికి ఇద్దరు సమానం. జనం పలుచగా ఉన్న గోధుమ రాష్ట్రాల మాట చెల్లటానికి ఇదొక ముఖ్య కారణం.

మరి పట్టణాల సభ్యులు ఇంత డబ్బుకు ఎందుకు ఒప్పుకుంటారు? అక్కడే అసలు కిటుకు ఉంది. 1973లో పేదలకు ఆహార కూపన్లిచ్చే పథకాన్ని వ్యవసాయ చట్టంలోనే కలిపారు. పట్టణపు సభ్యుడు గోధుమకు ఓటేస్తాడు, పల్లె సభ్యుడు కూపన్లకు ఓటేస్తాడు. కాన్సస్‌కు చెందిన డోల్, దక్షిణ డకోటాకు చెందిన మెక్‌గవర్న్ వేర్వేరు పార్టీల వాళ్ళయినా 1977లో కూపన్ల సంస్కరణకు చేయి చేయి కలిపారు. 2013 జూన్‌లో ఈ పొత్తు కాస్త చెదిరి బిల్లు దిగువ సభలో ఓడిపోయింది. రెండు భాగాలనూ విడదీసి పాస్ చేసుకుని, 2014 ఫిబ్రవరిలో మళ్ళీ ఒకే చట్టంగా కుట్టారు. 2025 జూలైలో వచ్చిన చట్టం మాత్రం పంటల మద్దతు పెంచి, ఆహార కూపన్లకు కోత పెట్టింది. గోధుమకు చట్టం హామీ ఇచ్చే ధర బుషెల్‌కు 5 డాలర్ల 50 సెంట్ల నుంచి 6 డాలర్ల 35 సెంట్లకు పెరిగింది. బుషెల్ గోధుమంటే సుమారు 27 కిలోలు.

బిగ్ ఫస్ట్‌లో జరిగిన ఒక ముచ్చట ఉంది. 2011 నుంచి అక్కడ సభ్యుడుగా ఉన్న టిమ్ హ్యూల్స్‌క్యాంప్ ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని పట్టుదల గల మనిషి. సొంత పార్టీ నాయకులతోనే తగవు పడ్డాడు. 2012 డిసెంబరులో వాళ్ళు ఆయన్ను వ్యవసాయ సంఘం నుంచి తీసేశారు. తర్వాత వ్యవసాయ బిల్లుకు కూడా ఆయన వ్యతిరేకంగా ఓటేశాడు. తన సిద్ధాంతానికి తాను కట్టుబడ్డాడు, తప్పు పట్టలేం. కానీ గోధుమ, జొన్న తప్ప మరో ఆధారం లేని జిల్లాలకు సంఘంలో మనిషి లేకుండా పోయాడు. 2016 ఆగస్టులో పార్టీ అభ్యర్థి ఎంపికలోనే ఓటర్లు ఆయన్ను దించి, రైతు సంఘాలు బలపరచిన రోజర్ మార్షల్ అనే డాక్టరును నిలబెట్టారు. ఖర్చు తగ్గించాలని ఉపన్యాసం చెబితే చప్పట్లు కొట్టిన ఓటర్లే, కోత తమ గడపకు వచ్చేసరికి ఇలా తీర్పు ఇచ్చారు. మనుషులు ఎక్కడైనా మనుషులే.

జొన్న మాట వచ్చింది గనుక 2018 సంగతి కూడా చెప్పాలి. అమెరికా, చైనాల మధ్య సుంకాల తగాదా మొదలైనప్పుడు ఆ ఏప్రిల్‌లో చైనా అమెరికా జొన్న మీద నూటికి 178 చొప్పున డిపాజిట్ కట్టమంది. నెల తిరిగేసరికి ఎత్తేసింది గానీ, తర్వాత సోయా మీద సుంకం పడింది. ప్రభుత్వం నష్టపోయిన రైతులకు 2018లోనూ 2019లోనూ కలిపి 2,000 కోట్ల డాలర్లకు పైగా పంచింది. 2019లో ఒక్కో కౌంటీకి ఒక్కో రేటు కట్టారు. ఎకరాకు 15 డాలర్లు మొదలు 150 డాలర్ల దాకా. గట్టుకు ఈవల ఒక రేటు, ఆవల ఒక రేటు. 2020లో కరోనా సాయం కూడా కలిసి ఆ ఏడాది రైతులకు నేరుగా ఇచ్చింది సుమారు 4,600 కోట్ల డాలర్లు. అంతకు ముందెన్నడూ అంత ఇవ్వలేదు.

ఇంత డబ్బులో ఎవరి వాటా ఎంత? పంట సాయాల్లో నాలుగింట మూడు వంతులకు పైగా, అందుకున్నవాళ్ళలో పైనున్న పది శాతం మందికే చేరుతున్నదని పర్యావరణ కార్యాచరణ బృందం అనే స్వచ్ఛంద సంస్థ 1995 నుంచి లెక్కలు కూర్చి చూపిస్తున్నది. కారణం తేలికే. సాయం ఎకరాల మీద. ఎకరాలు ఎవరికి ఎక్కువో డబ్బు వారికి ఎక్కువ. మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లకు మించరాదని 2014 చట్టం పరిమితి పెట్టింది. 2018 చట్టం వచ్చి, కమతంలో పాలు పంచుకునే కుటుంబ సభ్యుల్లో మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, పెదనాన్న చిన్నాన్న పిల్లల్ని కూడా చేర్చింది. తలా ఒక పరిమితి! మన భూపరిమితి చట్టాల కాలంలో పొలాలు ఎవరెవరి పేర్ల మీదకు మారాయో చూసిన పెద్దలకు ఇందులో వింత ఏమీ కనబడదు.

నియోజకవర్గాల పట్టిక చదివేటప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. డబ్బు ఏ చిరునామాకు వెళ్ళిందో దాన్నిబట్టి లెక్క కడతారు, పంట ఏ పొలంలో పండిందో దాన్నిబట్టి కాదు. అందుకే మడిచెక్క కనబడని న్యూయార్కు నగర నియోజకవర్గాల పేర కూడా రైతు సాయం కనిపిస్తుంది. యజమాని అక్కడ కాపురం ఉంటాడు. పొలం మరెక్కడో ఉంటుంది. ఇంకొకటి. సాయం చాలాకాలంగా పాత రికార్డులోని ఎకరాల మీద నడుస్తున్నది. ఇప్పుడు ఆ నేలలో ఏముందన్నది అంత ముఖ్యం కాదు. 2006లో వాషింగ్టన్ పోస్టు పత్రిక దీన్ని తవ్వి తీసింది. టెక్సాస్‌లో ఒకప్పటి వరి పొలాల్లో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు, జన్మలో వరి నాటనివాళ్ళకు ప్రభుత్వం డబ్బు పంపుతూనే ఉంది. 2000 సంవత్సరం నుంచి అప్పటివరకు సేద్యం చేయనివాళ్ళకు చేరిన మొత్తం 130 కోట్ల డాలర్లని ఆ పత్రిక తేల్చింది. ఆ పత్రికే అంతకు పదేళ్ళ ముందు, 1996లో, సాయం అందుకున్నవారి పేర్లు బయటపెట్టాలని కోర్టుకు వెళ్ళి గెలిచింది. అలాంటి తీర్పులు లేకపోతే ఈ పట్టికలు ఉండేవి కావు.

బిగ్ ఫస్ట్ గీతలు కూడా స్థిరం కాదు. 2022లో హద్దులు మార్చి లారెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణాన్ని తెచ్చి ఇందులో కలిపారు. పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, సగటు మాత్రం మారింది.

ఇప్పుడు మన సంగతి. మన దగ్గర రైతుకు డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది. కుటుంబానికి ఇంత అని, ఎకరాకు ఇంత అని, బస్తాకు ఇంత అని, మోటారుకు ఇంత అని. ఒక్కో దారి ఒక్కో రకం నియోజకవర్గం వైపు వంగి ఉంటుంది.

కేంద్రం 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన కిసాన్ సమ్మాన్ నిధి కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు. రెండెకరాలున్నా ఇరవై ఎకరాలున్నా అంతే. తెలంగాణ 2018 మే నెలలో మొదలుపెట్టిన రైతుబంధు ఎకరాకు, పంటకు 4,000. తర్వాత 5,000 చేశారు. ఊరికే లెక్క కోసం రెండు నియోజకవర్గాలు అనుకుందాం. రెండింట్లోనూ 50,000 రైతు కుటుంబాలు. మొదటిదానిలో సగటున అయిదెకరాలు, రెండోదానిలో రెండెకరాలు. కుటుంబానికి 6,000 చొప్పున ఇస్తే రెండింటికీ చెరి 30 కోట్లు. ఎకరాకు ఏడాదికి 10,000 చొప్పున ఇస్తే మొదటిదానికి 250 కోట్లు, రెండోదానికి 100 కోట్లు. ఓటర్లు సమానమే, ఎమ్మెల్యేలు చెరొకరే. మా బడిలో పదో తరగతి పిల్లలు ఈ లెక్కను అయిదు నిమిషాల్లో చేసేస్తారు. పథకం ప్రకటించిన రోజున పెద్దలెవరూ ఈ లెక్క అడగరు.

మూడో దారి బస్తా. ఇది కంటికి కనబడదు గనుక దీని మీద వాదన తక్కువ. 45 కిలోల యూరియా బస్తాకు వేపపూత ఖర్చు, పన్నులు కాక 242 రూపాయలు అని 2018 నుంచి ధర ఉంది. తయారీ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. మిగతాది ప్రభుత్వం కంపెనీకి కడుతుంది. 2022-23లో దేశం మొత్తం మీద ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. కిసాన్ సమ్మాన్‌కు ఏటా అయ్యేది సుమారు 60,000 కోట్లు. అంటే చేతికి వచ్చే రూపాయి కన్నా బస్తాలో దాగిన రూపాయే నాలుగింతలు. ఆ బస్తాలు ఎక్కడ ఎక్కువ ఖర్చవుతాయి? నీళ్ళున్న చోట. తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి, సిరుగుప్ప వైపు మన తెలుగువాళ్ళ క్యాంపుల్లో రెండు పంటల వరికి వేసే యూరియాకూ, వానను నమ్ముకుని జొన్న, కొర్ర, శనగ వేసే మెట్ట ఊళ్ళో వేసే యూరియాకూ పోలిక లేదు. క్యాంపు రైతులు కష్టపడలేదని నేననటం లేదు. కోస్తా నుంచి వచ్చి ముళ్ళపొదలు కొట్టి మాగాణి చేసుకున్న తరం వాళ్ళది. అయినా లెక్క లెక్కే.

నాలుగోది మోటారు. కర్ణాటకలో 2008 నుంచి పది హార్స్‌పవర్ లోపు సేద్యపు పంపుసెట్లకు కరెంటు ఉచితం. దీని లాభం నది లేని కోలారు, చిక్కబళ్ళాపురం వైపు బోరు రైతులకు బాగా అందుతుంది. కాలువా లేక, బోరులో నీళ్ళూ పడని ఊరికి ఈ దారీ లేదు, ఆ బస్తా దారీ అంతంతమాత్రమే. ఆ ఊరికి మిగిలేది కుటుంబానికి వచ్చే ఆ 6,000. కర్ణాటక ప్రభుత్వం 2019లో దానికి మరో 4,000 కలిపింది గానీ 2023లో ఆగిపోయింది.

అమెరికా న్యూయార్కు చిరునామాల వంటిది మనకూ ఉంది. రాయచూరులో కాపురం ఉండి కృష్ణకు ఆవల తెలంగాణలో పొలం ఉన్నవాళ్ళు మన శ్రోతల్లో ఉంటారు. రైతుబంధు పొలాన్నిబట్టి వచ్చింది. ఖర్చు రాయచూరు బజారులో అయింది.

ఈ లెక్క మనమే వేసుకోవచ్చా? చాలావరకు వేసుకోవచ్చు. కిసాన్ సమ్మాన్ లబ్ధిదారుల జాబితా ఊరూరి వారీగా కంప్యూటరులో అందరికీ కనిపిస్తుంది. ఏ ఊరు ఏ నియోజకవర్గంలో ఉందో ఓటర్ల జాబితా చెబుతుంది. 2008లో కొత్త హద్దుల మీద ఎన్నికలు జరిగాక మన అసెంబ్లీ నియోజకవర్గాలు తాలూకాలతో సరిపోలటం లేదు. హోబ్లీలు అటూ ఇటూ చీలాయి. కాబట్టి తాలూకా మొత్తాన్ని తీసుకుంటే తప్పు వస్తుంది, ఊరూరూ కూడాలి. ఎరువుల అంగడిలో మీరు వేలిముద్ర వేసే యంత్రం 2018 నుంచి ఎవరు ఎన్ని బస్తాలు కొన్నారో రాసుకుంటున్నది. వ్యక్తుల పేర్లు అక్కర్లేదు, అంగడికి మొత్తం ఎన్ని బస్తాలు అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. పంపుసెట్ల సంఖ్య విద్యుత్ సెక్షన్ ఆఫీసులో ఉంటుంది. ఇద్దరు ముగ్గురు డిగ్రీ చదివే పిల్లలు సెలవుల్లో కూర్చుంటే ఒక నియోజకవర్గం లెక్క తేలుతుంది. తేలిన లెక్కను అన్ని పార్టీల అభ్యర్థుల ముందు పెట్టవచ్చు.

ఆ లెక్కలో దొరకని మనిషి ఒకడున్నాడు. కౌలు రైతు. కిసాన్ సమ్మాన్‌లో భూమి పేరున్నవారికే సాయం. రైతుబంధులోనూ అంతే జరిగింది. ఒడిశాలో 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకం పాలికాపునూ, భూమి లేని వ్యవసాయ కుటుంబాన్నీ కూడా చేర్చుకుంది. బరంపురం, రాయగడ వైపు శ్రోతలకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది, 2024 సెప్టెంబరులో దాని స్థానంలో వేరే పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో మొదలుపెట్టిన రైతు భరోసా కొన్ని వర్గాల కౌలుదార్లకు వర్తించింది. కర్ణాటకలో చిక్కు ఇంకా లోతైనది. 1974 భూసంస్కరణలు కౌలునే నిషేధించాయి. అందుచేత కౌలు అంతా నోటిమాట మీద నడుస్తుంది. కాగితం రాస్తే భూమి పోతుందని యజమానికి భయం, కాగితం అడిగితే కౌలు పోతుందని కౌలుదారుకు భయం. క్యాంపుల్లో ఇవాళ వరి నాటేవాళ్ళలో చాలామందికి ఆ మడి తమది కాదు. ఎరువు వాళ్ళే కొంటారు, మునిగితే నష్టం వాళ్ళే భరిస్తారు.

మీ పహణి తీసి చూడండి. తొమ్మిదో గడిలో యజమాని పేరు, పన్నెండో గడిలో సాగుచేసేవారి పేరు ఉండాలి. డబ్బు తొమ్మిదో గడి చూసి వస్తుంది. చాలా పహణీల్లో పన్నెండో గడిలో కూడా యజమాని పేరో, 'స్వంత' అన్న మాటో ఉంటుంది. పంట నమోదుకు వచ్చిన రోజున పొలంలో ఉన్న మనిషి ఎవరో, ఆ గడిలో ఏం రాస్తున్నారో దగ్గరుండి చూడండి.